ఇరవై రెండు చుక్కలు, ఇరవై రెండు గీతలు

1962లో, మూడోసారికి, మా యేసుదాసు ఎయిర్‌ఫోర్స్ ఎంపికలో నెగ్గాడు. మొదటిసారి ఛాతీ అరంగుళం తక్కువన్నారు. రెండోసారి లెక్కల్లో నాలుగు మార్కులు తగ్గాయన్నారు. మూడోసారి బాపట్లలో పరీక్ష ముగించుకుని, చెరుకుపల్లిలో బస్సు దిగి, "ఈసారి రెండుసార్లు కొలిచారు మావయ్యా. తీసెయ్యడానికి ఏమీ దొరకలేదు" అన్నాడు.

చెరుకుపల్లికీ పిట్టలవానిపాలేనికీ మధ్యనున్న మన చర్చి సంఘాల్లో విమానం మీద చెయ్యి వేసిన మొదటివాడు వాడే. పదిహేనేళ్లు ఎయిర్‌ఫోర్సులో మెకానిక్కు. తర్వాత ప్రయాణికుల జెట్ విమానాల్లో ఫ్లైట్ ఇంజనీరు, అంటే పైలట్లిద్దరి వెనక కూర్చుని ఇంజన్లనూ ఆయిలునూ కరెంటునూ కనిపెట్టుకుని ఉండే మూడో మనిషి. లైసెన్సు కోసం పదకొండు పరీక్షలు రాశాడు, పదకొండూ ఒకే తడవలో ప్యాసయ్యాడు. 1989 జనవరి నాటికి ఆకాశంలో తిరిగిన గంటలు ఎనిమిదివేల పైచిలుకు. వాడు నా చెల్లెలు రాహేలు కొడుకు. తండ్రి చిన్నప్పుడే పోతే నేను పెంచాను. మిషను బళ్లో ఎనిమిదో తరగతి దాకా చదివిన నేను, కాలువ మీద లాకు తలుపులు ఎత్తి దించే లస్కరుగా ముప్పై నాలుగేళ్లు చేశాను. నా లాకు కింద చివరి చేనుకు నీళ్లు అందలేదన్న ఫిర్యాదు ఒక్కటీ లేదు.

అంతటివాడు ఆ ఫిబ్రవరిలో రెండు ట్రంకు పెట్టెలతో రేపల్లెలో రైలు దిగాడు. సెలవన్నాడు. వారమైంది, మూడు వారాలైంది. యూనిఫారం పెట్టెలోంచి తియ్యలేదు. పేపరు వస్తే అందరికంటే ముందు తనే చదివి, మడిచి తలగడ కింద పెట్టుకునేవాడు.

సెంటరులో టీకొట్టు నడిపే గులాం మొహిద్దీన్ ఊరుకునే మనిషి కాదు.

"ఏంటి బాలస్వామి బాబాయ్, ఏ కంపెనీ అయినా ఇంత సెలవు ఇస్తుందా? ఆర్టీసీలో మా తమ్ముడికి సొంత పెళ్లికే మూడు రోజులిచ్చారు."

"అది బస్సు, ఇది విమానం."

"బస్సైతే గుద్దినా నేల మీదే ఉంటుంది. ఏదో జరిగింది బాబాయ్. కనుక్కో."

నాకూ అనుమానం వచ్చింది. దాచను. వాడు చర్చికి వెళ్లినప్పుడు పెట్టె తెరిచి చూశాను. లైసెన్సు ఉండే నీలం కవరు ఖాళీగా ఉంది. వాడు తిరిగొచ్చేసరికి ఆ కవరు చాప మీద పెట్టుకుని కూర్చున్నాను.

"తాగావా?"

"లేదు మావయ్యా."

"మరి లైసెన్సు ఎందుకు లాక్కున్నారు?"

అప్పుడు చెప్పాడు. నూట పద్దెనిమిది మందితో విమానం లేచిన కాసేపటికి, పైలట్లిద్దరి మధ్య ఉండే చక్రం తనంతట తాను తిరగసాగింది. తోక దగ్గరి చిన్న రెక్కను వంచి, విమానం ముక్కును ఎత్తడానికీ దించడానికీ పనికొచ్చే చక్రం అది. పైలటు బొత్తాం నొక్కితే మోటారు దాన్ని తిప్పుతుంది. ఆ రోజు ఎవరూ నొక్కలేదు. ముక్కు వాలిపోయింది. వెనక కేకలు. పైలట్లు స్టీరింగును గుండెలకేసి లాగిపట్టుకున్నారు. యేసుదాసు ముందుకు వంగి మోటారుకు కరెంటు ఆపే మీట వేశాడు. చక్రం ఆగింది. దానికున్న మడత పిడి బయటికి లాగి, ఎన్ని చుట్లు తిరిగిందో అన్ని చుట్లూ చేత్తో వెనక్కి తిప్పాడు. ముక్కు లేచింది. ఇరవై నిమిషాల్లో దిగారు. ఒక్కరికీ దెబ్బ తగల్లేదు.

"దండ వెయ్యాలి గదరా నీకు."

"షెడ్డులో పెట్టి చూస్తే మోటారు శుభ్రంగా పనిచేసింది మావయ్యా. చక్రం దానంతటది తిరగలేదు, నేనే తప్పు మీట కదిపి తర్వాత కథ అల్లానంటున్నారు. చెయ్యి ఎవరిదో మేం చూళ్లేదని పైలట్లు రాసిచ్చారు."

"చూళ్లేదా, చూసీ చెప్పట్లేదా?"

"ఏమో."

విచారణ తేలేదాకా లైసెన్సు వాళ్ల దగ్గరే. వాడిదే తప్పని తేలితే ఇక జన్మలో విమానం ఎక్కి పనిచేసేది లేదు. వాడి మాట కూడా నేను పూర్తిగా నమ్మలేదు. షెడ్డులో బుద్ధిగా తిరిగే మోటారు ఆకాశంలో ఎందుకు తిరగబడుతుంది?

ఏప్రిల్ మొదటివారంలో, నల్ల బూట్లు వేసుకున్న ఒకాయన తెనాలి బస్సు దిగాడు. పొలం కొనడానికి వచ్చానన్నాడట. గులాం ఆయనకు టీ ఇచ్చి, కొట్టు వదిలి మా ఇంటికొచ్చాడు.

"పొలం కొనేవాడు పొలం గురించి అడగాలి గదా బాబాయ్. ఈయన యేసుదాసు తాగుతాడా అని అడుగుతున్నాడు."

నేను ఎదురెళ్లాను.

"ఎలాంటి పొలం కావాలండి?"

"ఏదైనా ఫర్వాలేదండి."

"మాగాణా, మెట్టా?"

ఆయన తడబడ్డాడు. "మీరు బాలస్వామి గారా?"

"మీరు కంపెనీ వారా?"

ఆయన ఔనని జేబులోంచి ఒక నకలు తీశాడు. విమానంలో అంకెలు రాసుకునే అట్టకు నకలు అది. అసలు అట్టకు విమానం దిగిన వెంటనే అధికారులు సీలు వేశారట. అంచున పెన్సిలుతో ఇరవై రెండు చుక్కలు, పక్కనే ఇరవై రెండు నిలువు గీతలు.

"ఇవేంటో తెలుసాండి? మీ వాడు చెప్పింది మావాళ్లు నమ్మలేదు."

"వాడేం చెప్పాడు?"

"అది నేను చెప్పను. మీరు చెప్పండి."

ఆయన్ని లాకు దగ్గరికి తీసుకెళ్లాను. ఇప్పటి లస్కరు పేరు మార్కు; వాడే లాకు గది తాళం తీశాడు. గోడ నిండా బొగ్గుతో పెట్టిన గీతలూ చుక్కలూ. మా పద్ధతి వివరించాను. తలుపు ఎత్తడానికో దించడానికో చక్రాన్ని చేత్తో ఒక చుట్టు తిప్పితే ఒక గీత. గేరు పళ్లు అరిగి, చక్రం దానంతటది ఒక చుట్టు జారితే ఒక చుక్క. నీళ్లు తేడా వచ్చాయని ఓవర్సీరు నిలదీస్తే, ఏది మా చేతి పనో, ఏది గేరు చేసిన పనో గోడ మీద చూపిస్తాం. యేసుదాసు నా పక్కన నిలబడి పెరిగినవాడు. ప్రాణం మీదికి వచ్చిన వేళ ఇంగ్లీషు రాయాల్సిన చేత్తో ఇవే పెట్టాడు.

"చుక్క పెడితే మనిషి చెయ్యి లేనట్టేనా?"

"చెయ్యి ఉంటే చుక్క పెట్టం."

నేను ముందే నేర్పి ఉంచానేమోనని ఆయన మార్కు వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పవయ్యా. చుక్క ఎప్పుడు పెడతావు?"

"జారితే పెడతానండి. ఈ నెల్లో అప్పుడే తొమ్మిది. మా ఓవర్సీరే నమ్మడు, మీరేం నమ్ముతారు?"

ఆయన గట్టు మీద కూర్చుని బూటులో మట్టి దులుపుకున్నాడు. "అబద్ధం రాసేవాడు ఎదుటివాడికి అర్థమయ్యేలా రాస్తాడు" అన్నాడు మెల్లగా. మా ఇద్దరి వాంగ్మూలం ఇంగ్లీషులో రాసి సంతకం అడిగాడు. నేను పెట్టలేదు. తెలుగులో మళ్లీ రాయించి, రెండుసార్లు చదివి, అప్పుడు పెట్టాను.

పది రోజులకు యేసుదాసును బొంబాయి పిలిపించారు. మొన్న ఉత్తరం వచ్చింది. మోటారును మళ్లీ విప్పి, పైన ఉండేంత చలిలో పెట్టి నడిపించారట. మూడోరోజున లోపలి స్విచ్చు ఒకటి అతుక్కుపోయి, ఎవరూ నొక్కకుండానే మోటారు తిరిగిందట. తప్పు వాడిది కాదని కాగితం మీద రాసిచ్చారు. లైసెన్సు చేతికొచ్చింది. అయితే పక్కన పరీక్షాధికారిని కూర్చోబెట్టుకుని రెండు ట్రిప్పులు తిరగాలట. అది అందరికీ ఉన్న రూలేనని వాడు రాశాడు. రూలో, వాళ్లకింకా తీరని అనుమానమో నేను చెప్పలేను. మొదటి ట్రిప్పు అయింది. రెండోది మే పన్నెండున, మద్రాసుకు. అది ముగించుకుని, అక్కడే రైలెక్కి, వాడు ఇల్లు చేరేది 1989 మే 14, పెంతెకోస్తు ఆదివారం.