వకీలు గోడకెక్కిన మా మల్లన్న

మా మల్లన్నకు కోర మీసాలు, నెత్తిన జరీ పాగా, నడుముకు కత్తి, ముక్కు దగ్గర పట్టుకున్న ఒక పువ్వు. పాత కాగితం మీద సన్నని సిరా గీతలతో వేసిన బొమ్మ అది. దేశ్‌ముఖులు కోటలాంటి తమ గడి ఖాళీ చేస్తూ పారేసిన కాగితాల్లో మా మామకు దొరికిందట. చూడగానే మా అత్త మల్లన్న అని తేల్చి దేవుని గూట్లో నిలబెట్టింది. ప్రతి ఆదివారం ఆయన మొహానికి బండారి పెట్టేది. బండారి అంటే మా చేలో పండిన పసుపే. కాగితం వెనక ఏదో రాత ఉండేది. నడివయసు దాటాక గాని నాకు అక్షరాలు రాలేదు. అప్పట్లో దాన్ని దేవుడి చేవ్రాలు అనుకుని కళ్లకద్దుకునేదాన్ని.

అరవైల్లో, వర్ని దగ్గర మా చెరుకుకు వచ్చే కాలువ నీళ్లను పక్క పొలం వాళ్లు ఆపేస్తే కోర్టుకెక్కాం. మా వకీలు నిజామాబాద్‌లో ఉండేవాడు. నవాబుల కొలువుల నాటి బొమ్మలు పోగుచేయడం ఆయన పిచ్చి. మా కేసు కాగితాలు ఎక్కడ పెట్టాడో మరిచిపోయేవాడు గాని, ఏ గడిలో ఏ బొమ్మ ఉందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. పొలం చూస్తానని వచ్చి మా దేవుని గూడు చూశాడు. ఇక పొలం దాకా పోలేదు.

"అవ్వా, గీయన దేవుడు గాదు. నవాబు కొలువుల సర్దారు. ఎనక పేరు గూడ రాసున్నది" అన్నాడు.

"పేరేదైతేంది బిడ్డా. మీసాలు మల్లన్నయే గద" అంది అత్త.

బొమ్మ తనకిమ్మని పట్టుబట్టాడు. ఇవ్వకపోతే వకీలు కోర్టులో నోరు తెరవడని మా ఆయనకు భయం. అత్త అలిగి అన్నం మానేసింది. చివరికి ఒక షరతు పెట్టింది. ఆదివారం బండారి తప్పకూడదు, అది తనే వచ్చి పెడుతుంది. కోర్టు లేని రోజే కదా అని వకీలు సంతోషంగా ఒప్పుకున్నాడు.

మొదటి ఆదివారం అత్తతో నేనూ బస్సెక్కాను. వకీలు హాలు నిండా అద్దాల చట్రాల్లో సర్దార్లు, బేగంలు. మా మల్లన్నను దూదితో తుడిచి తుడిచి ఇన్నేళ్ల పసుపంతా తీసేశాడు. అత్త గుమ్మంలోనే కూలబడింది.

"జరమొచ్చి లేసినోని లెక్కున్నడు నా తండ్రి" అంది. లేచి అద్దం మీదే బండారి మెత్తింది. మేం గడప దాటకముందే వకీలు తుడిచేశాడు. పై ఆదివారం మళ్లీ మెత్తింది, మళ్లీ తుడిచాడు. తర్వాత మల్లన్న కథ పాడే ఒగ్గు పూజారిని డోలుతో సహా వెంటబెట్టుకెళ్లింది.

బొమ్మల మోజున్న పెద్దమనుషులు కూడా ఆదివారాలే వచ్చేవారు. భూతద్దం పెట్టి గీత గీతకూ తల ఊపేవారు. ఒకసారి హైదరాబాద్ నుంచి ఇందులో పేరుమోసిన ఒకాయన వచ్చాడు. వకీలు సర్దారు వంశావళి చెబుతూ ముత్తాత దాకా వచ్చేసరికి మేం డోలుతో దిగాం. ఆ పెద్దమనిషి భూతద్దం జేబులో వేసుకుని, చెప్పులు విడిచి, అత్త ముందు తల వంచాడు.

"మా అవ్వ గూడ గిట్లనే పెట్టేది" అన్నాడు.

బండారి పెట్టించుకుని, తన మోకాళ్ల నొప్పుల సంగతి మల్లన్నకు చెప్పుకున్నాడు. సర్దారు ముత్తాత ఎవరో మళ్లీ అడగలేదు.

ఆ వారంలోనే వకీలు కబురు పంపాడు, మీ దేవుణ్ని మీరే తీసుకుపొమ్మని. అత్త కదల్లేదు.

"మల్లన్న బస్సుల రాడు. తీస్కపోయినోడే డోలు వెట్టి తోల్కరావాలె" అంది.

వకీలు వచ్చాడు. ఊరి బయట కారు దిగి, చట్రాన్ని గుండెకు ఆనించుకుని డోలు వెనక నడిచాడు. ఇంటికి రాగానే అత్త అద్దం ఊడదీయించింది, దేవుడికి గాలాడదని. అప్పటికే గిన్నెలో పసుపు తడిపి ఉంచింది. పాలిపోయిన ఆ మొహం మీద నాలుగు వేళ్లూ ఆనించి, ఈ చెంప నుంచి ఆ చెంపకు పూసింది. వకీలు కళ్లు మూసుకున్నాడు. రెప్పల కింద నుంచి నీళ్లు కారాయి.

ఎంత భక్తి అని ఊరంతా మెచ్చుకుంది.