ఆవు రోజు, కుక్క రోజు

మా అత్తగారు బుతీద్‌కు అరవై తొమ్మిదేళ్లు. కడుపులో ఉన్న కాలాన్ని కూడా ఒక ఏడాదిగా కలిపి లెక్కపెట్టడం మా బుర్యాత్‌ల అలవాటు కాబట్టి, ఆవిడ డెబ్బై అంటుంది. ఎవరైనా అరవై తొమ్మిదంటే తన పెట్టెలోంచి ఏదో ఎత్తుకుపోయినట్టు చూస్తుంది. ముప్పై చలికాలాలు సైబీరియాలో గడ్డకట్టిన బైకాల్ సరస్సు ఒడ్డు వెంట నడిచి ఊరూరా ఉత్తరాలు పంచిన మనిషి. ఉద్యోగం నుంచి దిగిపోయినా కాళ్లకు ఆ సంగతి ఇంకా తెలియదు.

వయసు మీద ఇంత పట్టింపు ఎందుకంటే, హందమా వల్ల. ఆవిడ మా అత్తగారి పెదనాన్న కూతురు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఒకే వారంలో పుట్టారు. "ఆవు ఈనిన రోజు ఒకత్తి పుట్టింది. నాలుగు రోజులకు కుక్క పిల్లల్ని పెట్టింది, ఆ రోజు రెండోది పుట్టింది" అని వాళ్ల నాయనమ్మ చెప్పేదట. ఎవరు ఏ రోజో చెప్పకుండానే పోయింది మహాతల్లి. తండ్రులిద్దరూ ఒకే బండిలో పుట్టుకలు నమోదుచేసే ఆఫీసుకు వెళ్లి, పని తేలికవుతుందని ఇద్దరికీ ఒకే తేదీ రాయించారు. అప్పటినుంచీ ఇద్దరూ ఆవు రోజు నాదంటే నాదని తగువు. కుక్క రోజు ఎవరికీ అక్కర్లేదు.

తెల్లనెల పండుగకు, అంటే మా కొత్త సంవత్సరానికి, చిన్నవాళ్లే పెద్దవాళ్ల ఇంటికి వెళ్లాలి. చిన్నవాళ్లు చేతులు చాచి పెద్దవాళ్ల మోచేతుల్ని కిందనుంచి పట్టుకోవాలి. పదకొండేళ్ల కిందట, చుట్టాలందరి ముందూ ఈ ఇద్దరూ పైచేయి నాదంటే నాదని చేతులు చాచి నిలబడ్డారు. భుజాలు లాగేశాయి, సూపు చల్లారిపోయింది, ఒక్కరూ దించలేదు. చివరికి మా అత్తగారు టోపీ పెట్టుకుని బయటికి నడిచింది. మళ్లీ మాటల్లేవు.

ఈ ఏడు పండుగ ముందు నా భార్య సొయెల్మా ఫోను పెట్టేసి, "అమ్మా, మీ హందమా మంచాన పడిందట" అంది.

అత్తగారు మర్నాడు పొద్దున్నే పాత టపా సంచి దులిపింది.

"లేవయ్యా అల్లుడూ, పోదాం."

"ఎక్కడికత్తయ్యా?"

"దాని దగ్గరికి. అది కాస్తా పోతే నేనెవరికి పెద్దదాన్నవుతాను?" అంటూ ముక్కు తుడుచుకుంది.

హందమా ఊరికి రోడ్డు లేదు, మంచే దారి. ఈసారి మంచు పలచగా ఉందని బళ్లను ఆపేశారు. వ్యాను ఇంటి ముందు పెట్టుకుని నలభై కిలోమీటర్లు కాలినడకన! నా వీపు మీద అరవై మాంసం ఉండ్రాళ్లు, పళ్లెంలో పోసి గడ్డకట్టించిన పాలబిళ్లలు రెండు. ఆవిడ సంచిలో కానుకగా ఇచ్చే నీలం పట్టుగుడ్డ ఒక్కటి, టీ ఫ్లాస్కు. పాలబిళ్ల అంచు వెన్నుపూసకు గుచ్చుకుంటుంటే, పండుగను కనిపెట్టినవాణ్ణి మనసారా తిట్టుకున్నాను.

మధ్యాహ్నం కాళ్లకింద ఢామ్మని మోగింది.

"అత్తయ్యా, సరస్సు పగుల్తోంది!"

"నోర్ముయ్! సరస్సేమిటి సరస్సు? సముద్రం అను. చిన్నచేసి మాట్లాడితే దానికి కోపం రాదూ?" అని మంచు మీద ఇంత టీ పోసింది. "మావాడికి బుద్ధి తక్కువ తండ్రీ. బస్తీలో పెరిగాడు, పట్టించుకోకు."

టీ తాగి ఊరుకుందో, నన్ను చూసి జాలిపడిందో, మళ్లీ మోగలేదు.

సాయంత్రానికి జాలర్ల గుడిసె చేరి పొయ్యి రాజేశాం. "నువ్వు హందమావి అనుకో" అని నన్ను నిలబెట్టి, తన చేతులు నా చేతుల కింద పెట్టబోయింది. చేతులు వాటంతటవే పైకొచ్చాయి. మళ్లీ పెట్టింది, మళ్లీ పైకే. ఆరోసారి కూలబడిపోయింది.

"ఛీ, పాడు చేతులు. అది బతికుంటే చాలయ్యా. ఆవును దానికే ఇచ్చేస్తాను."

నాకు నవ్వు రాలేదు.

తెల్లారి బయల్దేరి వంద అడుగులైనా వేయలేదు. ఎదురుగా ఒడ్డు వెంట ఓ ముసలావిడ, వీపున మూట, వెనకాల చిన్న జారుడుబండి లాక్కుంటూ వస్తోంది. అత్తగారు ఆగిపోయింది.

"ఏమే! మంచాన పడ్డదానివి ఇక్కడేం చేస్తున్నావే?"

"నేనా? మంచాన పడింది నువ్వట కదే!" అంది హందమా. "నీ కూతురే ఫోన్లో ఏడ్చింది!"

ఇద్దరూ తిరిగి నన్ను చూశారు. ఒట్టు, నాకేమీ తెలియదు. తెలిస్తే ఆ పాలబిళ్లలు మోసేవాణ్ణా?

అత్తగారు సంచి దించి చేతులు చాచింది, అరచేతులు పైకి పెట్టి. ఈసారి పాడు చేతులు మాట విన్నాయి. అయితే హందమా కూడా అలాగే చాచింది. ఈవిడ చేతులు ఆవిడ చేతుల కిందికి దూరాయి. ఆవిడ తీసి ఇంకా కిందికి పెట్టింది. ఈవిడ మోకాళ్లు వంచింది.

"పైన పెట్టవే! పెద్దదానివి నువ్వే. నేను కుక్క రోజున పుట్టాను!"

"నోరు మూసుకో. కుక్క నాది!"

"నీకు ఆవునిచ్చాను, తీసుకో!"

"నాకొద్దు నీ ఆవు!"

అలా ఒకరి కింద ఒకరు చేతులు దూరుస్తూ, వంగి వంగి, ఇద్దరూ దభీమని మంచు మీద కూలబడ్డారు. మోచేతులు మాత్రం వదల్లేదు. కాసేపు నవ్వారు. తర్వాత ఏడ్చారు. తర్వాత లేవబోయారు, లేవలేకపోయారు.

"చూస్తావేంటయ్యా, లేపు!" అని అరిచింది అత్తగారు.

ముగ్గురిలో చిన్నవాణ్ణి నేనే కదా. వంగి, ఇద్దరి మోచేతుల కిందా చేతులు పెట్టాను.