నత్తలు లేచిన పూట

మా అక్క నత్తల డాక్టరు. నేను పెట్టిన పేరే. వాటికి వైద్యమేమీ చెయ్యదు. విశ్వవిద్యాలయంలో వాటి నిద్ర మీద పరిశోధన చేస్తుంది. తడి దొరక్కపోతే నత్త గుల్లలోకి ముడుచుకుని, మూతికి పల్చటి పొర కప్పుకుని నెలల తరబడి పడుకుంటుందట. అన్నాళ్లు కదలకున్నా దాని కండ కరిగిపోదు. అదెలాగో తెలిస్తే మంచాన పడ్డ మనుషులకి పనికొస్తుందని అక్క ఆశ. ఆ కబురు మొదలుపెట్టిందంటే ఎదుటివాళ్ల చేతిలో టీ చల్లారిపోవాల్సిందే!

కానీ ఆ ఉద్యోగం ప్రాజెక్టు నడిచినన్నాళ్లే. గ్రాంటు ఆగితే జీతం ఆగుతుంది, సహాయకులు తలోదారి చూసుకుంటారు. అప్పుడు అక్క నత్తల్ని పొడి పెట్టెల్లో పెట్టి నిద్రపుచ్చుతుంది. తిండి ఖర్చుండదు. గ్రాంటు రాగానే తడిపి లేపుతుంది. ఈసారి మాత్రం గ్రాంటు రాలేదు, రాలేదు, ఎంతకీ రాలేదు. నత్తలు హాయిగా పడుకున్నాయి. అక్కకే కంటిమీద కునుకు లేదు. అద్దె ఎలాగని బావని అడగదు, నన్నూ అడగదు. వంటింట్లో వెలిగించిన పొయ్యి ముందు గిన్నె పెట్టడం మర్చిపోయి నిలబడిపోయేది.

చివరికి గ్రాంటు ఇచ్చే కమిటీ వాళ్లు వచ్చి, చూసి తేలుస్తామన్నారు. నత్తలు లేస్తే ప్రాజెక్టు ఉంటుంది. లేవకపోతే గది పక్క విభాగానికి, అక్క ఇంటికి. పక్క విభాగం వాళ్లకి ఆత్రం ఆగలేదు, ముందే టేపు పట్టుకొచ్చి గోడలు కొలుచుకుపోయారు! ఆ మాట వినేసరికి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నా కర్టెన్ల కొట్టుకి తాళం వేసి, సాయానికి నేనే వెళ్లాను.

"ముందు ఒకదాన్ని లేపి చూశావా అక్కా?"

"లేదే."

"అదేంటి?"

"ఇంతకాలం ఏ నత్తనీ నేనెప్పుడూ పడుకోబెట్టలేదు. అన్నీ కలిపి వాళ్ల కళ్లముందే తడపాలి. ముందే లేపి చూస్తే, లేచేవాటినే ఏరి పెట్టానంటారు."

"నీ చదువు తగలెయ్య! ఉప్పు చూడకుండా చుట్టాలకి వడ్డిస్తారా ఎవరైనా?"

"మా పని అంతేనే" అంది.

కమిటీ వాళ్లు ముగ్గురొచ్చారు. ఒక పెద్దాయన, ఒక కళ్లద్దాలావిడ, ఇంకొకాయనకి ఫోనే లోకం. అక్క పెద్ద ట్రేలో నత్తలన్నీ పరిచి గోరువెచ్చని నీళ్లు చిలకరించింది. అందరం కూర్చున్నాం. ట్రేలో ఉలుకూ లేదు, పలుకూ లేదు. అక్క మళ్లీ చిలకరించింది.

"ఇంకెంతసేపమ్మా?" అన్నాడు పెద్దాయన.

"మామూలుగా అయితే ఈపాటికి..." అక్క గడియారం వైపు చూసింది.

ఆయన బ్యాగు జిప్పు లాగి లేచాడు. అంతే, నా నోరు నా మాట వినలేదు.

"కూర్చోండి సార్! ఇన్నాళ్లూ మీరు పడుకుంటే ఈవిడ ఎదురుచూడలేదా? అవి కాసేపు పడుకుంటే మీరు చూడలేరా?"

అక్క నా తొడ మీద గట్టిగా గిల్లింది. ఆయన మొహం కందగడ్డయింది. నన్నేదో అనడానికి వేలెత్తాడో లేదో, కళ్లద్దాలావిడ కెవ్వుమంది.

"కదిలింది! అదిగో, ఆ మూల!"

గుల్ల మూతికున్న పొర చిట్లింది. తడితడిగా ఏదో ముందుకొచ్చి, ఆగి, మెల్లగా రెండు కొమ్ములు చాచింది. దాని పక్కది కూడా! ఆ వెనక ఇంకోటి! పెద్దాయన బ్యాగు కిందపడేసి ట్రే పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఫోనాయన ఫోను మర్చిపోయి "లే నాయనా, లే" అని నత్తని బతిమాలుతున్నాడు. ఒకటీ అరా లేవలేదు, వాటిని అక్క విడిగా తీసి గుర్తు పెట్టింది. తక్కినవన్నీ ట్రే అంచులెక్కి బయలుదేరాయి. నేనైతే ఈలవేశాను!

"గ్రాంటు మూడేళ్లకి రాస్తున్నాం" అన్నాడు పెద్దాయన. గుమ్మం దగ్గర నావైపు తిరిగి, "మేమూ లేచామమ్మా" అని నవ్వాడు.

వాళ్లటు వెళ్లగానే అక్కని పట్టుకుని గిరగిరా తిప్పేశాను. ఇద్దరం ఏడ్చాం, నవ్వాం. కళ్లు తుడుచుకుంటూ అక్క కొన్ని నత్తల్ని ఏరి, తడి ఆరడానికి విడిగా పొడి పెట్టెలో పెట్టసాగింది.

"ఇప్పుడేగా లేచాయి! మళ్లీ పడుకోబెడతావేం?"

"మూడేళ్లయ్యాక మళ్లీ ఆగితే? అప్పుడు ఇంతకంటే ఎక్కువకాలం పడుకున్నవి చూపించాలిగా."

టీ తెస్తానని బయటికెళ్లి, రెండు గ్లాసులతో తిరిగొచ్చాను. అక్క బల్ల మీద తల వాల్చి, నోరు తెరుచుకుని నిద్రపోతోంది. ఒక నత్త ఆవిడ చొక్కా చెయ్యి మీద పాకుతూ భుజం దాకా వచ్చేసింది. దాన్ని తీసి ట్రేలో పెట్టి, తలుపు దగ్గరగా వేసి, రెండు టీలూ నేనే తాగాను. అక్కని మాత్రం లేపలేదు.