గిన్నె ముక్క ఎవరిది

మొన్న టాంపినీస్‌లో మా ఫ్లాట్ల బ్లాకు కింద పైపుల కోసం తవ్వుతుంటే, ఆ తడిమట్టి వాసనకు నాన్న గుర్తొచ్చాడు.

ఐటీ ఉద్యోగాలు ఊపందుకున్న రోజులవి. సైన్స్ పార్క్‌లో పనిచేసే నాన్నకు ఆదివారాలూ ఆఫీసే. నాకప్పుడు ఆరేళ్లు. ఒక్క ఆదివారం మాత్రం నన్ను నది ఒడ్డుకు తీసుకెళ్లాడు. అక్కడ పాతకాలపు రేవు ఆనవాళ్ల కోసం తవ్వుతున్నారు. జల్లెడలో మట్టి కడుగుతున్న చైనీస్ ఆంటీ ఒకావిడ నా అరచేతిలో ఆకుపచ్చ పింగాణీ గిన్నె ముక్క పెట్టింది.

"కేర్‌ఫుల్ లా, గర్ల్. సెవెన్ హండ్రెడ్ ఇయర్స్ ఓల్డ్," అంది ఇక్కడివాళ్ల యాసలో.

నాకు అంకెలు వందదాకానే వచ్చు. "ఎవరిది నాన్నా?" అని అడిగాను.

"పడవల్లో వచ్చి ఇక్కడ ఉన్నవాళ్లదమ్మా."

"మరి తీసుకోడానికి వస్తారుగా. వచ్చేదాకా ఉందాం."

నాన్న నవ్వలేదు, రారని చెప్పలేదు. ముక్క ఆంటీకి తిరిగిచ్చి, గట్టు మీద నా పక్కన కూర్చున్నాడు. వచ్చే ప్రతి పడవనూ నేను లేచి చూశాను. ఆయన జేబులో పేజర్ రెండుసార్లు మోగింది. దాన్ని ఆపేసి, "అదిగో, ఇంకోటి వస్తోంది" అని చూపించాడు.

సాయంత్రం తవ్వేవాళ్లు గుంటల మీద టార్పాలిన్ పట్టాలు కప్పి వెళ్లిపోయారు. ఎవరూ రాలేదు. ఏడుపు మొహంతో ఇంటికొచ్చాను.

నాన్నతో అంతసేపు కూర్చున్న రోజు మళ్లీ దొరకలేదు. ఇప్పుడాయన లేడు. ఆ సాయంత్రం పడవల వైపు కాకుండా కాసేపు ఆయన వైపు చూసి ఉంటే బాగుండేదనిపిస్తుంది.