చేవెళ్ల కచేరిలో నేను చింపిన కాయితాలు

వకాలత్ రెండేండ్లు చదివినా కోర్టు కచేరి మెట్టు ఎక్కలే. దావా ఎట్ల వేయాల్నో నోటికొచ్చు, చేత రాదు. అందుకే సెలవులల్ల చేవెళ్లలోని ఒక వకీలు సాబు దగ్గర పని నేర్చుకుందామని పట్నం నుంచి బయలుదేరిన. మీరూ అట్ల పోదామనుకుంటే పొద్దున ఏడింటి బస్సు పట్టుండ్రి, కిరాయి ఎనిమిదణాలు. యుద్ధం రోజులు, బొగ్గుతో నడిచే బస్సు; మొయినాబాద్ దాటినంక ఎక్కుడుకాడ ఆగిపోయింది. "వకీలైనా దిగి తొయ్యాల్సిందే సాబ్," అని డ్రైవరు నవ్విండు. పదిన్నరకు చేవెళ్ల చేరిన.

వకీలు సాబు అప్పటికే లోపల వాదనల ఉన్నడు. వరండాల ఆయన దగ్గర రాతకోతలు చూసే మున్షీ నా చేతిల రెండు తెల్ల కాయితాలు పెట్టిండు. ఒక్క అక్షరం లేదు, అడుగున వేలిముద్రలు మాత్రం ఉన్నయి. "పక్కన ప్రొద్దుటూరు ముసలామె మరియమ్మవి. మొగడు పోయినంక మరిది పొలం గుంజుకున్నడు. నిన్న నడిచొచ్చి ముద్ర వెట్టి పోయింది. ఈ ముద్రల మీది జాగల దావా సాఫుగ రాసిపెట్టు బాబూ, నేను స్టాంపులు తెస్త," అని పోయిండు.

నాకు ఒళ్లు మండింది. రాయని కాయితం మీద ముద్రా? పాపం, ఆ ముసలామెను ఎవరైనా ముంచితే? ఆమెను మళ్లీ పిలిపించి, చదివి వినిపించి పెట్టిద్దామనుకున్న. రెండూ పరపర చింపేసిన. గర్వంగనే చింపిన.

మున్షీ వచ్చి నెత్తి కొట్టుకున్నడు. "ఎంత పని చేస్తివయ్యా! దావాకు ఇయ్యాల్టితోని మియాదు తీరుతది, రేపైతే తీసుకోరు. ఊర్లోళ్లు రోజూ రాలేరనే గదా గట్ల పెట్టించుకునేది!"

కిరాయి సైకిల్ మీద ప్రొద్దుటూరు ఉరికిన. తొవ్వంత ఇసుక, గుండ్లు. అవ్వ పరాయి చేన్ల కలుపు తీస్తున్నది. "నిన్న వెట్టిన గద బిడ్డా, సరిగ పడలేదా?" అన్నది. "తప్పు నాదే అవ్వా, నేనే చింపిన," అన్న. అవ్వ కొడవలి పక్కన వెట్టి లేచింది. ఎడ్లబండి మాట్లాడుకొని వచ్చేసరికి కచేరికి తాళం పడ్డది. అవ్వ బొటనవేలు కొంగుకు తుడుచుకొని నా ముందుకు చాపింది. "ఏడ వెట్టాలె బిడ్డా?"

మరునాడు వకీలు సాబు బతిమాలి చూసిండు. మియాదు దాటిందని కొట్టేసిన్రు. అవ్వ ఇప్పుడు తన పొలంలనే మరిదికి కూలి చేస్తున్నదట. తెల్ల కాయితం మీద ముద్ర తీసుకునుడు తప్పే, ఇప్పటికీ నేనదే అంట. కాని ఆ తప్పు దిద్దనీకి నాకు కాయితమే కనపడ్డది, మనిషి కనపడలే. ఇగ పరీక్ష పాసైనా నల్లకోటు తొడుగుడు నాతోని కాదనిపిస్తున్నది.

పని నేర్చుకోను పోయేటోళ్లకు ఒక్కటే చెప్త: ఏ కాయితం ముట్టుకోకముందే దాని మియాదు ఎన్నడో అడుగుండ్రి. అడిగితే మున్షీ ఒక్క మాటల చెప్పేటోడు.