జిలేబికి పోసిన పాలు

2023 వానాకాలం. మాదన్నపేట కూరగాయల మార్కెట్ వెనుక సందులో నా క్లినిక్. పొద్దున జల్‌పల్లి వైపు గేదెల కొట్టాలన్నీ చుట్టి వస్తే, సాయంత్రం కుక్కలు, పిల్లులు, పావురాలు, చిలకలు. ఈ వైపు పక్షులను చూసే డాక్టర్లు తక్కువ కాబట్టి చుట్టుపక్కల పంజరాలన్నీ నా దగ్గరికే వస్తాయి. వచ్చేసరికి చాలావాటికి ఆలస్యమైపోయి ఉంటుంది. ఆ విసుగు నా గొంతులో వినిపిస్తుందని మా ఇంట్లో అంటారు. వినిపించనీ.

ఒక సాయంత్రం లావణ్య అనే అమ్మాయి గాజుల డబ్బాలో మెత్తటి గుడ్డ పరిచి ఒక కాకటీల్ పిల్లను తెచ్చింది. కాకటీల్ అంటే తల మీద తురాయి, బుగ్గల మీద నారింజ చుక్కలు ఉండే చిన్న జాతి చిలుక. దీనికి ఇంకా ఈకలే సరిగ్గా రాలేదు. భర్తతో లాడ్ బజార్‌కు గాజుల కోసం వెళ్లి, దారిలో పంజరాలమ్మే అతని దగ్గర చూసి ముచ్చటపడి కొనుక్కుందట. "ఫికర్ నక్కో బేటీ, సబ్ కుచ్ ఖాతా" అన్నాడట అతను, దిగులొద్దు, అన్నీ తింటుందని. అన్నీ తినే వయసు కాదది, తల్లి నోట్లోంచి అందుకుని తినే వయసు. అంత పసిదాన్ని అమ్ముకోవడం అతని వ్యాపారం. బతికించుకోవడం మాత్రం కొన్నవాళ్ల ఖర్మ.

పక్షి పిల్లకు మెడ కింద ఒక సంచి ఉంటుంది, క్రాప్ అంటాం. తిన్నది ముందు అందులో నిలిచి, మెల్లగా కడుపులోకి దిగుతుంది. దిగకుండా ఆగిపోతే దాన్ని క్రాప్ స్టేసిస్ అంటాం. లోపలి మేత పులిసిపోతుంది, పిల్ల నీరసించి చూస్తుండగానే పోతుంది. జిలేబికి (లావణ్య పెట్టుకున్న పేరు) క్రాప్ నిమ్మకాయంత ఉబ్బి ఉంది. నోటి దగ్గర పుల్లటి వాసన.

"ఏం పెడుతున్నావమ్మా దీనికి?"

"పక్షి పిల్లల పొడే సార్. కాగి సల్లారిన నీళ్లల్ల కలిపి, మణికట్టు మీద సుక్కేసి సూసినంకనే సిరంజితోని పోస్త. ముందుగాల పోసింది దిగేదాంక మళ్ల పొయ్య."

తిడదామని సిద్ధంగా ఉన్నాను. తిట్టడానికి ఏమీ దొరకలేదు. పిల్లను క్లినిక్‌లో వెచ్చటి బల్బు కింద ఉంచమన్నాను. ఆమె డబ్బా నా చేతికిచ్చింది కానీ కదల్లేదు.

"సార్, గిది బతకాలె. మీకు తెల్వదు... పోయినేడు నాకు కడుపు నిలవలే. ఆ ఎనక నేను సాకుతున్న దూడ సచ్చింది. అప్పటిసంది మా అత్తమ్మ అందరితోని అంటున్నది, నా చెయ్యి పసిపాణాలకు అచ్చిరాదని. గిదొక్కటి పెద్దగైతే ఆ మాట బందైతది."

పిట్ట మీద అంత బరువు పెట్టొద్దని చెప్పాలనిపించింది. కానీ ఆ బరువు పెట్టింది ఆమె కాదు కదా.

జిలేబి నా దగ్గర చక్కగా కోలుకుంది. అదే పొడి, అదే కొలత. క్రాప్ ఖాళీ అవుతోంది, రెట్ట సరిగ్గా పడుతోంది, నన్ను చూస్తే రెక్కలాడిస్తూ నోరు తెరుస్తోంది. లావణ్య వచ్చి తీసుకెళ్తూ ఏడ్చినంత పని చేసింది. వారం తిరక్కముందే మళ్లీ అదే డబ్బా, అదే ఉబ్బు, అదే వాసన. ఈసారి ఆమెతో మామ మల్లేశం కూడా వచ్చాడు.

మల్లేశం నాకు కొత్త కాదు. జల్‌పల్లిలో ఆయన కొట్టంలోని గేదెలను ఏళ్లుగా నేనే చూస్తున్నాను. ఊరంతటికీ ఆయన బాపు, అంటే నాన్న, కోడలికి కూడా. ఎవరింట్లో పసిబిడ్డకు పాలు చాలడం లేదని తెలిసినా అడక్కుండానే చెంబు నింపి పంపుతాడు. పాల వాసన చూసి ఏ గేదెవో చెప్పేస్తాడు. మంచి మనిషి. ఈ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోలేకపోవడమే నా బాధ.

సన్నటి ట్యూబును పిల్ల నోట్లోంచి క్రాప్‌లోకి దింపి, గోరువెచ్చటి సెలైన్‌తో కడిగాను. దీన్ని క్రాప్ వాష్ అంటాం. బయటికి పొడి జావ రావాలి. వచ్చినవి తెల్లటి ముద్దలు, రబ్బరులా సాగుతూ. పక్షులకు పాలు అరగవు. వాటిలోని చక్కెరను అరిగించుకునే శక్తి వాటికి లేదు, ఆ పైన పాలు క్రాప్‌లోనే విరిగి గడ్డకడతాయి. ట్రేలోకి చూసిన బాపు వెంటనే చూపు తిప్పుకున్నాడు. విరిగిన పాలు ఎట్లా ఉంటాయో ఆయనకు నేను చెప్పాలా!

లావణ్యను మందు తెమ్మని మెడికల్ షాపుకు పంపాను.

"బాపూ, దీనికి పాలు ఎవరు పోశారు?"

ఆయన తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "పొద్దుగాల పాలు పిండి వచ్చినప్పుడు నోరు తెరుస్తది సారూ. ఆకలైతున్నదేమో అని రెండు సుక్కలు పోస్త. నా పాలు తాగి ఎంతమంది పోరగాండ్లు పెద్దగైన్రు! పిట్టకెట్ల చేటైతయి?"

"అయ్యాయి. ఇంట్లో చెప్పు. అక్కడ మాట పడుతున్నది నీ కోడలు."

"ఇంట్ల మాటలు ఇంట్లనే పోతయి సారూ. మల్లేశం పాలు తాగి పాణం పోయిందంటే బజార్ల ఏమంటరు? నువ్వు సుత ఆమెకు జెప్పకు."

ఆ రాత్రి గడవలేదు, జిలేబి క్లినిక్‌లోనే పోయింది. పొద్దున ఇద్దరూ వచ్చారు.

"నేనేం తప్పు జేసిన సార్?" అంది లావణ్య.

"నువ్వు ఏ తప్పూ చేయలేదు. దీనికి ఎవరో పాలు పోశారు. పాలే చంపాయి."

ఆమె బాపు వైపు చూసింది. బాపు రోడ్డు వైపు చూశాడు. ఒక్కమాటైనా అనుంటే ఆ ఇంటి కథ వేరేగా ఉండేది. లావణ్య డబ్బా మూత పెట్టింది. అప్పటిదాకా ఆయన్ని బాపు అనే పిలిచేది. "మామా, పోదాం" అంది.

తర్వాత కొన్నాళ్లకు వాళ్ల కొట్టంలో గేదె ఈనడానికి కష్టపడుతుంటే నన్ను పిలిపించారు. దూడ క్షేమంగా బయటపడింది. తుడవడానికి లావణ్య గుడ్డ పట్టుకుని రాబోతే అత్త అంజమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "నువ్వు రాకు. పిట్టను సుత బతకనియ్యలే. గా మూలకు నిలబడు."

నాకు ఒళ్లు మండిపోయింది. చేతులు కూడా కడుక్కోకుండా అందరి ముందూ చెప్పేశాను. పిట్టను చంపింది ఈమె చెయ్యి కాదు, మీ ఇంటి పాలు అని.

అంజమ్మ విరగబడి నవ్వింది. "ఇన్నరా, పాలు తాగి సచ్చిందంట! పెద్ద సదువుల సార్!" కొడుకు నవ్వాడు. పాలకొచ్చిన ఇద్దరు ముగ్గురు కూడా నవ్వారు. నేను బాపు ముఖంలోకి చూశాను. నిజం తెలిసిన మనిషి, ఒక్క ముక్క చాలు. బాపు తల వంచుకుని, వాళ్లతో కలిసి తనూ నవ్వాడు. మూలన నిలబడిన లావణ్య మాత్రం నవ్వలేదు, ఏడవలేదు కూడా. గుడ్డ మడిచి గోడ గూట్లో పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

నేను స్కూటర్ తీస్తుంటే బాపు పరుగున వచ్చాడు, చేతిలో జున్నుపాల సీసాతో. ఈనిన ఇంటి నుంచి డాక్టర్‌ను ఉత్త చేతులతో పంపరు. "పిల్లలకు కాసిపెట్టు సారూ."

"వద్దు బాపూ."

ఆయన ముఖం చిన్నబోయింది. పిట్ట పోయిన రోజు కూడా అంత చిన్నబోలేదు. ఆ తర్వాత ఆ కొట్టానికి వేరే డాక్టర్ వెళ్తున్నాడు.

ఏం పెడుతున్నారని మాత్రమే అడగమని మాకు చదువులో నేర్పారు. అది చాలదని జిలేబి నేర్పింది. ఇప్పుడు పక్షి పిల్ల వస్తే ఇంకో ప్రశ్న కూడా అడుగుతాను. మీ ఇంట్లో దీన్ని ముద్దు చేసేవాళ్లు ఇంకా ఎవరున్నారు అని. నవ్వుతూ పేరు చెబుతారు. ఆ మనిషిని తీసుకురమ్మంటాను. వచ్చి నా ముందు కూర్చుని, ఏం పోస్తున్నాడో తన నోటితో తన ఇంటివాళ్ల ఎదుట చెప్పేదాకా పిల్లను ఇంటికి పంపను.