ఏడుకొండలు దొంగ కాదు

ఆరేళ్లు ఒక మాట గొంతులో పెట్టుకుని తిరిగాను. మింగుడు పడలేదు, బయటికీ రాలేదు. నా పేరు అడక్కండి. మీరెవరో తెలియదు కాబట్టే ఇంత వివరంగా చెప్పగలుగుతున్నాను. ఒక్క మనవి. అంతా చదివాక నన్ను ఓదార్చకండి.

మాది తాడేపల్లిగూడెం. ఏలూరులో ఒక స్కానింగ్ సెంటర్లో టెక్నీషియన్ని. రోజూ రైల్లో వచ్చిపోతాను. ఆరేళ్ల కిందట మా ఎమ్మారై మిషనుకు కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టారు. మెదడులో ఒక్కో భాగాన్నీ కొలిచి, అదే వయసు వాళ్ల కొలతలతో పోల్చి ఒక పేజీ ఇస్తుంది. మతిమరుపు జబ్బును ముదరకముందే పసిగట్టడానికి డాక్టర్లకు అదొక ఆసరా. ఆ పేజీ తీసి, రిపోర్టు రాసే డాక్టరుగారికి స్కానుతో పాటు పంపడం నా పని.

ఏడుకొండలు కొల్లేటి లంక గ్రామంలో చేపలు పట్టుకునే మనిషి. యాభై ఎనిమిదేళ్లుంటాయి. పుట్టినప్పటి నుంచీ తిరిగిన నీళ్లలోనే దారి తప్పుతున్నాడని భార్య నాగమణి తీసుకొచ్చింది. స్కాన్ తీశాను. ఆ రోజు జనం ఎక్కువ. పేజీ తీయడం మరిచిపోయాను. వయసుకు తగ్గ మార్పులే అని రిపోర్టు వచ్చింది. ఇచ్చి పంపేశాను.

మర్నాడు గుర్తొచ్చి తీసి చూశాను. జ్ఞాపకాలకు ఆధారమైన భాగం రెండు వైపులా బాగా కుంచించుకుపోయి ఉంది. అదొక్కటే చూసి జబ్బని తేల్చరు, నిజమే. కానీ డాక్టరుగారికి ఫోన్ చేస్తే రిపోర్టు మళ్లీ చూసేవారు, మిగతా పరీక్షలకు పంపేవారు. చేయలేదు. ఎందుకు? అప్పటికే రెండుసార్లు ఇలా మరిచిపోయి మాట పడ్డాను. మూడోసారి పడటం ఇష్టం లేకపోయింది. అంతే. ఇంతకన్నా పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండునని ఎన్నో ఏళ్లు వెతికాను. లేదు.

మూడు వారాలకు నాగమణి ఒక్కతే వచ్చింది. ఏడుకొండలు ఎవరివో వలలు తెచ్చి తన దోనెలో వేసుకున్నాడట. ఊరి పెద్దలు నిలబెట్టి అడిగితే తెల్లమొహం వేశాడట. తాగి దొంగతనానికి దిగాడని తేల్చారట.

“ఆయన చుక్క ముట్టరండీ. బుర్రలో ఏదో అయ్యింది, దొంగ కాదండీ. మీ మిషన్లో ఏవన్నా కనపడితే ఒక్క కాయితం ఇప్పించండి మేడంగారూ. పెద్దలకి చూపించుకుంటాను.”

“రిపోర్టు ఇచ్చాం కదండీ. అందులో ఏమీ లేదు.”

“మీరు చూశారాండీ, మీ కళ్లతో?”

“చూశానండీ. ఏమీ లేదు.”

ఆమె దణ్ణం పెట్టి వెళ్లింది. నాకు! ఆ పేజీ అప్పుడు నా ఎదురుగా కంప్యూటర్లోనే ఉంది.

తర్వాతి సంగతులు ఆ ఊరి ఆశా కార్యకర్త ఎవరినో స్కానుకు తీసుకొచ్చినప్పుడు చెప్పింది. ఏడుకొండలుతో కలిసి వేటకు వెళ్లకూడదని ఊరు కట్టడి చేసిందట. పదిమందీ దొంగ అంటుంటే చివరికి అతనే ఒప్పుకున్నాడట. ఏం జరిగిందో గుర్తులేదు గనక, తీసే ఉంటానన్నాడట. తర్వాత భార్య పేరు మరిచాడు. అన్నం తినడం మరిచాడు. దొంగనన్న సంగతి మాత్రం మరవలేదు. గుమ్మంలోకి ఎవరొచ్చినా చేతులు జోడించి తప్పయిపోయిందనేవాడట. రెండేళ్లకు విజయవాడలో డాక్టరు జబ్బు పేరు చెప్పాడు. పెద్దలు ఏమన్నారో తెలుసా? దొంగతనం ముందు, జబ్బు తర్వాత అన్నారు. అతను ఆ మచ్చతోనే పోయాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఒక మనిషి దొంగంటే చిటికెలో నమ్మే ఊరు, జబ్బు మనిషంటే కాయితం అడుగుతుందేం? అలా మండిపడుతూ కూడా నోరు విప్పలేదు, ఆ కోపంలో నా వాటా ఎంతో తెలిసి కూడా ఊరినే తిట్టుకుంటూ ఇంకో మూడేళ్లు గడిపాను చూడండి, అదీ నా బతుకు.

పోయిన నెల ఆ ఊరు వెళ్లాను. నాగమణికి అంతా చెప్పాను. ఆమె తిట్టలేదు, ఏడవలేదు. పెద్దల దగ్గరికి తీసుకెళ్లి, వాళ్ల ముందు చెప్పమంది. చెప్పాను. జబ్బు ముందే ఉందని, నేను చూశానని, దాచానని. వాళ్లలో ఒకాయన ఎంతో మర్యాదగా ఆ కాయితం ఏదండీ అన్నాడు. సెంటర్లో కంప్యూటర్లు మార్చారు. ఆ పేజీ ఇప్పుడు లేదు. పోయినాయన గురించి ఇప్పుడెందుకులెండి అని లేచారు.

నాగమణి నావైపు చూడకుండా ఇంటికి నడిచింది. నేను వెంట వెళ్లలేదు. ఏ మొహంతో వెళ్లను?

ఏడుకొండలు దొంగ కాదు. ఆ సంగతి అందరికన్నా ముందు తెలిసింది నాకే. ఇలా రాస్తుంటే గుండె కాస్త తేలికపడుతోంది. అలా తేలికపడటం మీద కూడా నాకు కోపంగానే ఉంది.